మూత్రపిండ క్యాన్సర్ కారణాన్వేషణ చరిత్ర: ఈశ్వరి, గాడిదగడపాకు మొక్కల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మూత్రపిండ క్యాన్సర్‌కు కారణాలను వెదికిన క్రమం సుమారు నూట నలభై ఏళ్ల చరిత్ర. ఈ చరిత్రలో ఐరోపా గోధుమ చేలలోని ఒక కలుపుమొక్క, బ్రస్సెల్స్ నగరంలో అమ్మిన ఒక మూలికా చూర్ణం కీలకమైన మలుపులు. ఆ రెండింటి వెనుక ఉన్న మొక్కల కుటుంబానికి చెందినవే తెలుగునేల మీద పెరిగే ఈశ్వరి, గాడిదగడపాకు. జానపద వైద్యంపై జరిగే తెలుగు పరిశోధనలలో ఈ మొక్కల ప్రస్తావనకు అవకాశం ఎక్కువ. వాటిని నమోదు చేసే పద్ధతిని ఈ చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: మూత్రపిండ క్యాన్సర్, ఈశ్వరి, గాడిదగడపాకు, అరిస్టోలోకిక్ ఆమ్లం, బాల్కన్ వ్యాధి, ఉద్దానం, జానపద వైద్యం.

1. ఉపోద్ఘాతం

క్యాన్సర్‌కు తెలుగులో రాచపుండు, రాచకురుపు, పుట్టకురుపు అనే పేర్లు ఉన్నాయి. సంస్కృత వైద్యగ్రంథాల నుండి ‘అర్బుదం’ వచ్చి చేరింది. పుండు, కురుపు అనే మాటలు కంటికి కనిపించే వ్రణాన్ని, పుట్టలాగా పైకి లేచి చివరకు పగిలే గడ్డను సూచిస్తాయి. చర్మం మీద, రొమ్ములో, నోటిలో వచ్చే క్యాన్సర్లను మన పూర్వులు చూశారు కనుక వాటికి పేరు పెట్టారు. మూత్రపిండంలో పుట్టే క్యాన్సర్‌కు అటువంటి దేశ్యపదం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది వీపు వైపు, పేగుల వెనుక, కొవ్వు పొరల మధ్య దాగి ఉంటుంది. తొలిదశలో నొప్పి ఉండదు. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ అనే మూడు లక్షణాలను వైద్యగ్రంథాలు చెబుతాయి గాని, ఆ మూడూ ఒకేసారి కనిపించేనాటికి వ్యాధి చాలా ముదిరి ఉంటుంది. నేడు ఎక్కువ కేసులు మరేదో కారణంతో తీయించిన స్కానింగ్‌లో యాదృచ్ఛికంగా బయటపడుతున్నాయి.

వ్యాధి కనిపించనప్పుడు దాని కారణం కనిపించడం మరింత కష్టం. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన ఉత్తరాంధ్ర తీరంలోనే ఉంది. చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు అక్కడి స్త్రీలలో ఎక్కువ. ఆ నిప్పు సెగ తగిలేది అంగిటికి, పుండు పడేదీ అంగిట్లోనే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి డెన్మార్క్, భారత పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం 1971లో వెలువడింది. అక్కడ కారణమూ కార్యమూ ఒకే నోటిలో ఉన్నాయి. మూత్రపిండం విషయంలో అలా జరగలేదు. తిన్నది నోటితో, దెబ్బతిన్నది వీపు వెనుక, బయటపడింది ఇరవై ముప్పై ఏళ్ల తరువాత. ఈ మూడింటినీ కలిపే దారం దొరకడానికి చాలా కాలం పట్టింది.

2. పేరు తెచ్చిన పొరపాటు

1883లో జర్మన్ రోగనిర్ధారణ శాస్త్రవేత్త పాల్ గ్రావిట్స్ మూత్రపిండంలో పెరిగే పసుపువన్నె గడ్డలను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. వాటి కణాలు మూత్రపిండం పైన టోపీలా ఉండే అధివృక్క గ్రంథి కణాలను పోలి ఉన్నాయి. పిండదశలో ఆ గ్రంథి ముక్కలు కొన్ని మూత్రపిండంలో చిక్కుకుపోయి, పెద్దయ్యాక గడ్డలుగా మారుతున్నాయని ఆయన భావించాడు. ఆ భావన నుండే ‘హైపర్‌నెఫ్రోమా’ అనే పేరు పుట్టింది. నిజానికి ఆ కణాలు మూత్రపిండపు సూక్ష్మనాళికలవే. సిద్ధాంతం తప్పని తేలిన తరువాత కూడా పేరు మాత్రం దశాబ్దాల పాటు వైద్యుల నోట నిలిచింది. పేరు నిలిచినంత కాలం ‘ఇది పుట్టుకతో వచ్చిన చిక్కు’ అనే ధ్వని కూడా నిలిచింది. మనిషి బయటినుండి లోపలికి తీసుకున్నదేదో దీనికి కారణం కావచ్చునన్న ప్రశ్న ఆలస్యంగా పుట్టడానికి ఈ పేరు కొంత కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పదం అర్థాన్ని మోయడమే గాక ఆలోచనను ఒక గాటికి కట్టివేయగలదని భాషావిద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు.

పుట్టుకతో వచ్చే రకం అసలే లేదని కాదు. కంటిలోని రక్తనాళపు గడ్డలను జర్మన్ నేత్రవైద్యుడు ఫాన్ హిప్పెల్, అవే మెదడులోనూ రావడాన్ని 1926లో స్వీడన్ వైద్యుడు లిండావ్ వర్ణించారు. వీరి పేర్లతో పిలిచే వంశపారంపర్య వ్యాధిలో మూత్రపిండ క్యాన్సర్ ఎక్కువ. దానికి మూలమైన జన్యువును 1993లో గుర్తించారు. ఆ జన్యువు పాడైతే కణానికి ప్రాణవాయువు చాలడం లేదన్న తప్పుడు సంకేతం అంది, కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. వంశంలో ఈ వ్యాధి లేనివారి మూత్రపిండ గడ్డల్లో కూడా ఎక్కువ భాగం ఇదే జన్యువు దెబ్బతిని కనిపించింది. కణాలు ప్రాణవాయువును గ్రహించే తీరును వివరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి రావడంలో ఈ జన్యువు పాత్ర కూడా ఉంది.

3. పొగ, బరువు, రక్తపోటు, నొప్పిమాత్ర

ఇరవయ్యో శతాబ్దం రెండవ భాగంలో జనసమూహాలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు మొదలయ్యాక మూడు కారకాలు స్థిరపడ్డాయి: పొగతాగడం, స్థూలకాయం, అధిక రక్తపోటు. వ్యాధి స్త్రీలలో కంటే పురుషులలో సుమారు రెండింతలు. ప్రపంచం మొత్తం మీద ఏటా నాలుగు లక్షలకు పైగా కొత్త కేసులు నమోదవుతున్నాయి. ఐరోపా, ఉత్తర అమెరికాలతో పోలిస్తే భారతదేశంలో ఈ క్యాన్సర్ తక్కువ. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్నవే కనుక విస్తరించడం లేదు.

నొప్పిమాత్ర కథ కొంత చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర బేయర్ కంపెనీ విడుదల చేసిన ఫెనాసెటిన్ అనే నొప్పినివారిణి ఐరోపా అంతటా ఇంటింటి మందు అయింది. స్వీడన్‌లోని హుస్క్‌వర్నా పట్టణంలో కర్మాగార కార్మికులు దానిని పొడి రూపంలో రోజూ వాడేవారు. అలవాటుగా వాడినవారి మూత్రపిండాలు దెబ్బతినడం, మూత్రపిండం లోపలి గరాటు వంటి ద్రోణిలో క్యాన్సర్ రావడం 1960వ దశకంలో స్వీడన్ వైద్యులు గమనించారు. ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. మూత్రపిండపు కండలో పుట్టేది ‘మూత్రపిండ కణ క్యాన్సర్’. ద్రోణి, మూత్రనాళాల లోపలి పొరలో పుట్టేది వేరొక రకం. దానికి మూత్రాశయ క్యాన్సర్‌తో చుట్టరికం. సామాన్య వ్యవహారంలో రెండూ కిడ్నీ క్యాన్సరే.

అదే బేయర్ కంపెనీ శతాబ్దం తరువాత మూత్రపిండ క్యాన్సర్‌కు నెక్సవార్ అనే మందును తెచ్చింది. అప్పట్లో దాని ధర నెలకు రూ. 2,80,000 పైచిలుకు ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా దానిని తయారు చేయడానికి 2012 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం తప్పనిసరి లైసెన్సు ఇచ్చి, నెలకు రూ. 8,880 ధరగా నిర్ణయించింది. స్వతంత్ర భారతంలో ఔషధానికి ఇచ్చిన తొలి తప్పనిసరి లైసెన్సు ఇదే. మూత్రపిండ క్యాన్సర్ చరిత్రలో తెలుగునేల పేరు స్పష్టంగా నమోదైన ఘట్టం ఇది. యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ ఎన్నో క్యాన్సర్లకు మందైనా, మూత్రపిండ కణ క్యాన్సర్ ఆ తరం మందులకు లొంగలేదు.

4. గోధుమ చేలో కలుపుమొక్క

డాన్యూబ్ నది ఉపనదుల వెంబడి బల్గేరియా, సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, రొమేనియా దేశాలలోని కొన్ని పల్లెల్లో ఒక వింత వ్యాధి ఉన్నట్లు 1950వ దశకంలో వైద్యులు వర్ణించారు. వ్యవసాయ కుటుంబాలలో నడివయసు దాటినవారి మూత్రపిండాలు నెమ్మదిగా ముడుచుకుపోయేవి. రక్తపోటు గాని చక్కెరవ్యాధి గాని ఉండేవి కావు. ఒక ఊరిలో ఉండి పక్క ఊరిలో ఉండేది కాదు. ఒకే ఇంటిలో అనేకులకు వచ్చేది గాని, పిల్లలకు వచ్చేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ రోగులలో ద్రోణి, మూత్రనాళాల క్యాన్సర్ మిగతా జనాభాతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ.

కారణం ఏమిటి? బావినీటిలోకి బొగ్గుపొరల నుండి ఊరే రసాయనాలు అన్నారు కొందరు. నిల్వధాన్యానికి పట్టిన బూజువిషం అన్నారు మరికొందరు. భారలోహాలు, వైరస్, వంశపారంపర్యం - ప్రతిదానికీ ఒక వాదం ఉండేది. 1969లో నిష్ నగరానికి చెందిన ఇవిచ్ అనే పరిశోధకుడు చాలా సాదా విషయం ఒకటి చెప్పాడు. ఆ పల్లెల గోధుమ చేలలో అరిస్టోలోకియా క్లెమాటిటిస్ అనే మొక్క కలుపుగా పెరుగుతుంది. కోతకాలానికి దాని గింజలు కూడా పండుతాయి. గోధుమతో పాటు కోసి, నూర్చి, పిండి పట్టిస్తే ఆ గింజలూ రొట్టెలో కలుస్తాయి. ఆ మొక్కను మేసిన గుర్రాల మూత్రపిండాలు చెడిపోయిన వైనం క్రొయేషియాలో అంతకుముందే నమోదై ఉంది.

ఇవిచ్ మాట చాలాకాలం మూలన పడింది. దానిని ఎవరూ ఖండించలేదు, పట్టించుకోలేదంతే. నీరు, బూజు, లోహం అనేవి ప్రయోగశాలలో కొలవదగినవి. చేలో కలుపు, రైతు రొట్టె అనేవి వ్యవసాయ సంస్కృతికి సంబంధించిన విషయాలు. చేనును చూసే కన్ను, రోగిని చూసే కన్ను ఒకరిలోనే ఉండడం అరుదు. పరిశోధనా చరిత్రలో ఇటువంటి నిర్లక్ష్యాలను లెక్కపెట్టడం మొదలుపెడితే ఒక గ్రంథమవుతుంది.

5. బ్రస్సెల్స్ చూర్ణం

దారం రెండో కొస అనుకోని చోట దొరికింది. 1992లో బ్రస్సెల్స్‌లోని మూత్రపిండ వైద్యుల దగ్గరకు యాభై ఏళ్లలోపు స్త్రీలు వరుసగా రాసాగారు. అందరి మూత్రపిండాలూ నెలల వ్యవధిలో ముడుచుకుపోతున్నాయి. అందరూ బరువు తగ్గడానికి ఒకే చికిత్సాలయానికి వెళ్లినవారు. ఆ చికిత్సలో 1990 నుండి రెండు చైనా మూలికల చూర్ణాలను కొత్తగా చేర్చారు. వాన్‌హెర్వెఘెమ్ బృందం తొమ్మిదిమంది స్త్రీల వివరాలతో 1993లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసం సంచలనం కలిగించింది. తరువాత బాధితుల సంఖ్య వంద దాటింది.

ఇందులో తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటుంది. చికిత్సలో వాడదలచిన మూలిక స్టెఫానియా టెట్రాండ్రా. చైనా భాషలో దాని పేరు ‘హన్ ఫాంగ్ జి’. మార్కెట్లో అందిన చూర్ణం ‘గువాంగ్ ఫాంగ్ జి’, అంటే అరిస్టోలోకియా ఫాంగ్చి. రెండూ ‘ఫాంగ్ జి’లే. పేరులోని విశేషణం జారిపోయి విశేష్యం మిగిలింది. మిగిలిన విశేష్యం మనుషుల మూత్రపిండాలను తినివేసింది.

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయి డయాలిసిస్ మీద గాని, మార్పిడి చేయించుకొని గాని జీవిస్తున్న ఆ రోగులలో 39 మంది, పనిచేయని తమ మూత్రపిండాలను, నాళాలను ముందుజాగ్రత్తగా తొలగించడానికి అంగీకరించారు. తొలగించిన అవయవాలను పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ కనిపించింది. మిగిలినవారిలో ఇద్దరికి తప్ప అందరికీ క్యాన్సర్‌కు ముందటి మార్పులు ఉన్నాయి. 2000 సంవత్సరంలో వెలువడిన ఈ ఫలితంతో బాల్కన్ పల్లెలూ బ్రస్సెల్స్ నగరమూ ఒకే కథలోని రెండు భాగాలని తేటతెల్లమయింది. అరిస్టోలోకియా మొక్కలున్న మూలికామందులను లియాన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో మానవులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఆ మొక్కలలోని అరిస్టోలోకిక్ ఆమ్లమే స్వయంగా 2012 నాటి సంపుటంలో అదే వర్గానికి చేరింది.

6. కణం దాచుకున్న సాక్ష్యం

ఆ ఆమ్లం శరీరంలో మార్పు చెంది, జన్యుపదార్థంలోని ఎడినిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. కణం తన జన్యులిపిని నకలు చేసుకునేటప్పుడు ఆ చోట ఎడినిన్‌కు బదులు థైమిన్ పడుతుంది. తాళపత్రాన్ని నకలు రాసే లేఖకుడు మరకపడిన అక్షరం దగ్గర ప్రతిసారీ ఒకే రకం తప్పు చేస్తే, ఆ తప్పును బట్టి మాతృకలో మరక ఎక్కడుందో పరిష్కర్త చెప్పగలడు. ఇక్కడా అంతే. ఇంత పెద్ద సంఖ్యలో ఈ రకం మార్పును కలిగించే వేరొక పదార్థం తెలియదు కనుక ఇది ఆ మొక్క వేసిన ముద్ర వంటిది. గ్రోల్‌మన్ బృందం 2007లో బాల్కన్ రోగుల కణజాలంలో ఈ ముద్రను చూపించడంతో ఇవిచ్ మాట దాదాపు నలభై ఏళ్లకు నిలబడింది. మొక్కను తినడం మానిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా ఆ అతుకులు మూత్రపిండంలో మిగిలే ఉంటాయి.

అప్పటిదాకా ఈ కథ ద్రోణి, నాళాల క్యాన్సర్‌కు సంబంధించినదే. 2014లో నాలుగు ఐరోపా దేశాల మూత్రపిండ కణ క్యాన్సర్ నమూనాలను చదివినప్పుడు, రొమేనియా రోగులలో అత్యధికులలో అదే ముద్ర అనుకోకుండా కనిపించింది. 2024లో నేచర్ పత్రికలో వెలువడిన మరింత విస్తృతమైన అధ్యయనం 11 దేశాల నుండి 962 గడ్డలను పరిశీలించింది. రొమేనియా, సెర్బియా, థాయిలాండ్ దేశాలలో ఎక్కువ కేసులలో అరిస్టోలోకిక్ ఆమ్లపు ముద్ర ఉంది. జపాన్ కేసులలో 70 శాతానికి పైగా, కారణం తెలియని వేరొక ముద్ర ఉంది. పొగాకు ముద్ర పొగతాగే అలవాటుకు అనుగుణంగా కనిపించింది. స్థూలకాయానికి, రక్తపోటుకు మాత్రం ఏ ముద్రా లేదు. అవి జన్యులిపిని నేరుగా చెరపకుండా వేరే దారిలో పనిచేస్తున్నాయని పరిశోధకులు భావిస్తున్నారు.

ఆ 11 దేశాలలో భారతదేశం లేదు.

7. తెలుగునేల మీద ఈ మొక్కలు

అరిస్టోలోకియా అనే గ్రీకు పేరుకు ‘ప్రసవానికి శ్రేష్ఠమైనది’ అని అర్థం. పురాతన గ్రీకుల నుండి ఈజిప్టు దాకా, చైనా నుండి మన అడవుల దాకా ఈ కుటుంబపు మొక్కలను ప్రసవానికి, పాముకాటుకు వాడిన దాఖలాలున్నాయి. మన దగ్గర ముఖ్యమైనవి రెండు. అరిస్టోలోకియా ఇండికా చెట్ల మీదికి పాకే తీగ. తెలుగులో ఈశ్వరి, నల్ల ఈశ్వరి, ఈశ్వరవేరు. దాని వేరును పాముకాటుకు, తేలుకాటుకు, స్త్రీల ఋతుసమస్యలకు ఇవ్వడం నాటువైద్యంలో ఉంది. రెండవది అరిస్టోలోకియా బ్రాక్టియోలాటా, ఇదే గాడిదగడపాకు. నేలబారున పెరుగుతుంది. నల్లరేగడి దీనికి ఇష్టమైన నేల. వరంగల్లు చుట్టుపక్కల పత్తి పండించే రేగళ్లు కూడా అటువంటివే. దీని ఆకురసం కడుపులో నులిపురుగులకు, గజ్జికి ప్రసిద్ధమైన మందు. సంస్కృతంలో కీటమారి అన్న పేరు ఆ గుణం నుండి వచ్చినదే. తమిళంలో దీనిని ‘ఆడుతీండాప్పాళై’ అంటారు. మేక ముట్టనిది అని అర్థం. ఏ ఆకునైనా కొరికిచూసే మేక దీనిని ముట్టదని గమనించిన తమిళ పశువుల కాపరి తన పరిశీలనను పేరులోనే భద్రపరిచాడు. కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు మాత్రం ఈ ఆకులనే తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకొని, పక్షుల నోటినుండి తమను కాపాడుకుంటాయి.

పేర్ల చిక్కు మనకూ ఉంది. నకులం అంటే ముంగిస. పాముతో పోరాడే ముంగిస ఒక వేరును తిని విషం విరుగుడు చేసుకుంటుందన్న నమ్మకం నుండి ‘నాకులి’ అనే ఓషధి పేరు వచ్చింది. ఆ పేరు ఏ మొక్కదన్న విషయంలో ద్రవ్యగుణ పండితులలో ఏకాభిప్రాయం లేదు. కొందరు ఈశ్వరి అంటారు, కొందరు సర్పగంధ అంటారు. బ్రస్సెల్స్ ఉదంతం తెలిసినవారికి ఈ భేదాభిప్రాయం కేవలం పాఠచర్చగా కనిపించదు.

ప్రాచీన వైద్యులకు విషాల గురించి తెలియదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. చాలా బాగా తెలుసు. జిల్లేడు, జెముడు, లాంగలి, గన్నేరు, గురివింద, ఉమ్మెత్త, నల్లమందు - వీటిని ఉపవిషాలుగా గుర్తించి, శుద్ధి చేయనిదే వాడరాదన్నారు. ఈ ఏడింటిలో ఈశ్వరి లేదు. ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. గన్నేరు గంటలలో చంపుతుంది. గురివింద రోజులలో చంపుతుంది. వాటిని ఇచ్చిన వైద్యుడు ఫలితాన్ని తానే చూస్తాడు. ఈశ్వరి వేరు తిన్న మనిషి ఇంటికి నడిచి వెళతాడు, పెళ్లిళ్లు చేస్తాడు, ఇరవై ఏళ్ల తరువాత వేరే ఊరిలో, వేరే వైద్యుని దగ్గర మూత్రంలో రక్తంతో కూర్చుంటాడు. ఒక మనిషి ఒక జీవితకాలంలో చేసే పరిశీలనకు ఈ సంబంధం అందదు. వందల మందిని దశాబ్దాల పాటు లెక్కగట్టే పద్ధతికే అందుతుంది. కనుక ‘అనాదిగా వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అనే వాక్యం తక్షణ విషాల విషయంలో బలమైన సాక్ష్యమే. నెమ్మది విషాల విషయంలో దానికి సాక్ష్యవిలువ లేదు. తైవాన్‌లో 1997-2003 మధ్య జనాభాలో దాదాపు మూడోవంతు మందికి ఈ ఆమ్లం ఉండే అవకాశమున్న మందులు చీటీ మీద రాసి ఇచ్చారని బీమా రికార్డుల వల్ల తెలిసింది. అక్కడ రికార్డులు ఉన్నాయి కనుక తెలిసింది. మన నాటువైద్యుడు చీటీ రాయడు.

బాల్కన్ దారి, మన దారి ఒకటి కావని కూడా చెప్పాలి. పత్తిచేనులో పెరిగిన గాడిదగడపాకు రొట్టెలోకి రాదు. ఒకటి రెండుసార్లు నులిపురుగులకు రసం తాగిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని ఎవరూ అనలేదు. వాడిన మోతాదు, వాడిన కాలం పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. భయపెట్టడం ఈ చర్చ లక్ష్యం కాదు. అయితే ‘ఇంత మోతాదు క్షేమం’ అని చెప్పగల హద్దును ఏ సంస్థా నిర్ణయించలేదు.

8. ఉద్దానం ప్రస్తావన

మూత్రపిండవ్యాధి, కారణాన్వేషణ అనగానే తెలుగు పాఠకులకు గుర్తుకు వచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాలలో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య శ్రమించే మనుషుల మూత్రపిండాలు చెడిపోతున్నాయి. అది క్యాన్సర్ కాదు. అయినా బాల్కన్ చరిత్రతో దాని పోలిక విడువరానిది: వ్యవసాయదారులు, చక్కెరవ్యాధి గాని దీర్ఘకాలిక రక్తపోటు గాని లేనివారు, నెమ్మదిగా ముడుచుకుపోయే మూత్రపిండం, కొన్ని ఊళ్లకే పరిమితం. ఇక్కడా నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ వల్ల నీరు ఇంకిపోవడం, నొప్పిమాత్రలు అంటూ ఎన్నో ప్రతిపాదనలు ఉన్నాయి. ఏ ఒక్కటీ స్థిరపడలేదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రంతో కూడిన 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయింది. హిరమండలం జలాశయం నుండి పైపుల ద్వారా తాగునీరు అందించే పథకం కూడా అప్పుడే మొదలయింది.

ఉద్దానాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి రెండు కారణాలున్నాయి. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద ఉన్నవారి మూత్రపిండాలలో నీటితిత్తులు ఏర్పడి, వాటిలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం సాధారణ జనంలో కంటే ఎక్కువ; అందుచేత వైద్యపరంగా రెండు విషయాలూ ఒకదానికొకటి దూరం కావు. రెండవది పద్ధతికి సంబంధించినది. మన నేలలో నీరు వ్యాధికారణమని తేలిన ఉదంతం ఒకటుంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే వ్యాధిని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెల నుండి లోకానికి తెలియజేశారు. తరువాత నల్లగొండ దానికి మారుపేరయింది. అప్పటినుండి ఏ ప్రాంతీయ వ్యాధి కనబడినా మన చూపు మొదట బావివైపు వెళుతుంది. ఇది సహజమే. ఉద్దానం ప్రజలు ఏయే ఆకులు, వేళ్లు, చూర్ణాలు ఎంతకాలంగా వాడుతున్నారన్న వివరం మాత్రం నీటి నమూనాలాగా సీసాలో పట్టి పంపగలిగేది కాదు. అది మనుషులతో కూర్చొని, వారి మాటలో విని, రాసుకోవలసినది. ఆ పని వైద్యుని కంటే జానపద పరిశోధకునికి బాగా తెలుసు.

9. సేకరణ పద్ధతిలో రావలసిన మార్పు

వరంగల్లు ప్రాంతానికి చెందిన బిరుదురాజు రామరాజు కృషితో విశ్వవిద్యాలయ స్థాయిలో తెలుగు జానపద పరిశోధనకు దారి ఏర్పడింది. రిచర్డ్ డార్సన్ వర్గీకరణను అనుసరించి మనం జానపద వైద్యాన్ని సాంఘికాచారాల కింద చేర్చుకున్నాం. ఈ చేర్పుకు ఒక ఫలితముంది. ఆచారాన్ని వర్ణిస్తాం, విశ్లేషిస్తాం. అది నిజమా కాదా అని అడగం. పెళ్లితంతు విషయంలో ఆ తటస్థత మర్యాద. కడుపులోకి తీసుకునే మందు విషయంలో అదే తటస్థత చాలదు. ‘నులిపురుగులకు గాడిదగడపాకు రసం పరగడుపున మూడు రోజులు’ అని అచ్చయిన వాక్యం పరిశోధన గ్రంథంలో ఉన్నంతకాలం సమాచారం. దానిని ఎవరో చిన్న పుస్తకంగానో, చరవాణి సందేశంగానో మార్చిన క్షణం నుండి అది వైద్యసలహా. విశ్వవిద్యాలయం పేరు తోడుగా ఉంటుంది కనుక నాటువైద్యుని మాట కంటే దానికి బరువెక్కువ.

అయితే ఈ మొక్కల ప్రస్తావనను మానివేయడం పరిష్కారం కాదు. మానివేస్తే ఇవిచ్‌కు కావలసివచ్చిన సాక్ష్యాన్నే మనం చెరిపినట్లవుతుంది. ఇప్పటికంటే ఎక్కువగా, ఇప్పటికంటే నిర్దిష్టంగా రాయాలి. సేకరించిన పేరుతోపాటు మొక్క నమూనాను ఎండబెట్టి వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించాలి. మన కాకతీయ విశ్వవిద్యాలయంలో రెండు విభాగాల మధ్య దూరం నడిచి వెళ్లేంతే. ఏ భాగం, ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎవరికి ఇస్తారు, ఎన్నేళ్లుగా ఇస్తున్నారు అన్న ప్రశ్నలు ప్రశ్నావళిలో ఉండాలి. మందు తీసుకున్నవారిలో మూత్రపిండాల జబ్బు వచ్చినవారున్నారా అని వైద్యుని అడగడం కంటే ఆ ఊరి ఆశా కార్యకర్తను అడగడం మేలు. అరిస్టోలోకియా కుటుంబపు మొక్క అని తేలినచోట, అది క్యాన్సర్ కారకంగా నిర్ధారితమైనదన్న ఒక్క వాక్యాన్ని అదే పుటలో, ఆ యోగం కిందనే చేర్చాలి. అధోజ్ఞాపికలో చేర్చితే నకలు చేసేవారు దానిని వదిలివేస్తారు.

ములుగు, ఏటూరునాగారం అడవి అంచు గ్రామాలలో జరిగే సేకరణలకు ఇది మరింత వర్తిస్తుంది. అక్కడ పాము కరిచిన మనిషికి ఈశ్వరి వేరు నూరి పోసే సమయంలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి ఇరవై ఏళ్ల తరువాతి క్యాన్సర్. రెండవది, విరుగుడు సూది దొరికే ఆసుపత్రికి బయలుదేరవలసిన మొదటి గంట వేరు నూరడంలోనే గడిచిపోవడం.